బొమ్మ సరే, మాట సంగతేమిటి?

వీడియో కాల్‌లో అవతలి మనిషి నోరు సగం తెరిచి స్టక్ అయిపోతే నవ్వుకుంటాం. కుదిరితే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాం. కాల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అదే గొంతు రెండు సెకన్లు తెగిందంటే చాలు, పదిమందీ ఉన్న విషయం వదిలేసి “హలో, హలో, వినపడుతోందా?” అని మొదలెడతారు. టెలికాన్ఫరెన్స్‌లో అసలు సరుకేమిటో తెలియడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా ఫోన్ కొనేటప్పుడు ముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడుగుతాం గానీ, మైకు ఎలాంటిదని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆఫీసుల్లోనూ అంతే. మీటింగ్ రూము గోడకి లక్షలు పోసి పెద్ద టీవీ బిగిస్తారు. బల్ల మధ్యలో మాత్రం పాతకాలపు స్పీకర్‌ఫోన్ ఒకటి, అదీ ప్రొజెక్టర్ ఫ్యాను పక్కనే.

కాల్స్‌లో ఆడియో ఎక్కడ చెడిందో వెతకడం నా ఉద్యోగం. కాబట్టి నేను మాట వైపే మాట్లాడతాను, అది ముందే చెప్పేస్తున్నా. మాట తేటగా వినపడటం, మాట్లాడేందుకు వంతు దొరకడం, ఈ రెండూ ఉంటే బొమ్మ లేకపోయినా సభ సాగుతుంది. ఈ రెండూ లేకపోతే ఎంత మంచి బొమ్మ ఉన్నా దండగే. మనం డబ్బూ శ్రద్ధా బొమ్మ మీద పెట్టి మాటని గాలికొదిలేశాం.

పదిమంది దూరం నుంచి మాట్లాడుకోవాలంటే పది గొంతులూ ఎక్కడో ఒకచోట కలవాలి. ఆ చోటుని బ్రిడ్జి అంటారు. పాత ఎక్స్చేంజీల్లో అదొక పెట్టె, ఇప్పుడు ఏదో డేటా సెంటర్లో నడిచే ప్రోగ్రాం. ఒకప్పుడు మనం “లైన్లో ఉండు, వాణ్ణి కూడా కలుపుతా” అని మెర్జ్ బటన్ నొక్కి పెట్టుకున్న కాన్ఫరెన్స్ కాల్ కూడా ఇదే. అప్పట్లో మనం కాక మహా అయితే ఐదుగురిని కలపగలిగేవాళ్లం. ఇప్పటి యాప్‌లలో మన గొంతు సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తెగుతుంది. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్‌గా బ్రిడ్జికి చేరుతుంది. విడివిడిగా పంపేసి మన ఫోన్లోనే కలిపే యాప్‌లూ ఉన్నాయి గానీ, బ్రిడ్జి అసలు పని అన్నిటినీ కలిపి మళ్లీ అందరికీ పంపడం. అయితే అందరికీ ఒకే మిశ్రమం పంపరు. ఎవరికి పంపేదాంట్లోంచి వాళ్ల గొంతు తీసేసి పంపుతారు. మీకు మీరు తప్ప అందరూ వినపడతారు, నాకు నేను తప్ప అందరూ.

ఇది ఎందుకంటే, మన మాటే కాస్త ఆలస్యంగా మన చెవిలో పడితే నాలుక తడబడుతుంది. జపాన్‌లో ఇద్దరు పరిశోధకులు ఈ కిటుకుతోనే ఎదుటివాడి నోరు మూయించే యంత్రం ఒకటి చేసి 2012లో ఇగ్ నోబెల్, అంటే నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే బహుమతి, కొట్టేశారు. మన చట్టసభలకి రెండు తెప్పిస్తే బాగుండు.

బ్రిడ్జి చేసే ఇంకో పని చాలామందికి తెలియదు. వందమంది ఉన్న కాల్‌లో అందరి శబ్దమూ కలిపితే వంద ఇళ్ల ఫ్యాన్ల రొద కూడా కలుస్తుంది. అందుకని చాలా బ్రిడ్జిలు ఆ క్షణానికి గట్టిగా వినపడుతున్న రెండు మూడు గొంతులనే తీసుకుని మిగతావి వదిలేస్తాయి. ఇప్పటివి మనిషి గొంతునీ ఉత్త చప్పుడునీ కొంతవరకు వేరుచేస్తున్నాయి గానీ పూర్తిగా కాదు. మ్యూట్ చేసుకోవడం మరిచినవాళ్ల ఇంట్లో కుక్కర్ విజిల్ వేసిందంటే ఆ క్షణానికి కుక్కరే వక్త. నెమ్మదిగా మాట్లాడే మనిషి, మైకుకి దూరంగా కూచున్న మనిషి లెక్కలోంచి జారిపోతారు. మీటింగ్ అయ్యాక “ఆవిడ ఏమీ మాట్లాడలేదు” అంటారు. ఆవిడ మాట్లాడింది, బ్రిడ్జి ఎత్తుకోలేదు.

స్పీకర్‌ఫోన్‌తో తలనొప్పి వేరు. అవతలివాళ్ల మాట మన స్పీకర్లోంచి వచ్చి మన మైకులో పడి మళ్లీ వాళ్లకే పోతుంది. పూర్వం దీనికి మొరటు వైద్యం ఉండేది: ఒకవైపు మాట్లాడుతుంటే రెండోవైపు గొంతు నొక్కెయ్యడం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట గల్లంతు. 1960ల్లో శాటిలైట్లు వచ్చాక అది అసలే కుదరలేదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి కిందికి రావడానికే మాటకి పావు సెకను పడుతుంది, ఆపైన తిరిగొచ్చే ప్రతిధ్వని. అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, మన దేశం నుంచి వెళ్లిన మన్‌మోహన్ సోంధీ దీనికి వేరే దారి పట్టారు. ప్రతిధ్వని ఎలా ఉంటుందో ముందే అంచనా కట్టి తిరిగొచ్చే శబ్దంలోంచి దాన్ని తీసివేయడం, ఆ అంచనాని ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ పోవడం. సోంధీ దీనిమీద 1967లో పేపరు రాశారు. ఈ రోజు మనం ఫోన్ స్పీకర్లో పెట్టి, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడగలుగుతున్నామంటే దాని మూలం అక్కడుంది. కెమెరాల గురించి కబుర్లు చెప్పే మనవాళ్లలో సోంధీ పేరు విన్నవాళ్లు ఎంతమందో!

ఇక ఆలస్యం. కాల్స్‌లో జరిగే సగం అపార్థాలకి ఇదే కారణమని నా నమ్మకం. మా పెద్దమ్మ తెనాల్లో, మా అన్నయ్య డాలస్‌లో. ఆదివారం కాల్ ఇలా ఉంటుంది:

“ఏరా, తిన్నావా?”

నిశ్శబ్దం.

“ఏరా, వినప...”

“తిన్నా పెద్...”

“ఆఁ? ఏమిటీ?”

“నువ్వు చెప్పు పెద్దమ్మా.”

“లేదులే, నువ్వే చెప్పు నాయనా.”

మళ్లీ నిశ్శబ్దం. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారే.

కాల్ అయ్యాక పెద్దమ్మ నాతో అంటుంది, “వాడు మునపట్లా లేడే. ఏదడిగినా ఆలోచించి ఆలోచించి చెబుతున్నాడు.” వాడు ఆలోచించట్లేదు. ఇక్కణ్ణుంచి డాలస్‌కి నేరుగా గీత గీస్తేనే సుమారు 14,500 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఎంత గొప్ప నెట్ ఉన్నా 70 మిల్లీసెకన్ల పైన ప్రయాణానికే సరి. కేబుళ్లు నేరుగా ఉండవు, సముద్రాల చుట్టూ తిరిగి పోతాయి, అక్కడ ఇంకొంత. ప్యాకెట్లు ముందూ వెనకా చేరతాయి కాబట్టి వాటిని వరస పెట్టడానికి ఫోన్ కాసేపు పట్టి ఉంచుతుంది, అక్కడ ఇంకొంత. చెవిలో బ్లూటూత్ ఉంటే అక్కడ ఇంకొంత. అన్నీ కలిసి ఒకవైపుకే పావు సెకను దాటుతుంది, రానూపోనూ అర సెకను. టెలిఫోన్ ప్రమాణాలు రాసే ఐటీయూ ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదంటుంది. మనం ఆ గీత ఎప్పుడో దాటేశాం.

అర సెకనుకే ఇంత రాద్ధాంతమా అంటే, అవును. సంభాషణలో ఒకరు ఆపి ఇంకొకరు అందుకునే మధ్యలో ఎంత ఖాళీ ఉంటుందో 2009లో పది భాషల్లో కొలిచారు. భాషకీ భాషకీ తేడా ఉన్నా, మొత్తమ్మీద సగటు 200 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. జపనీయులకైతే దాదాపు ఖాళీయే లేదు. ఆ పదిలో తెలుగు లేదు. ఉండి ఉంటే అవతలివాడు ఆపకముందే అందుకున్న జాతిగా మనకి వేరే పట్టిక వెయ్యాల్సొచ్చేదని నా అనుమానం. సంగతేమిటంటే, మన చెవి ఆ 200కి అలవాటు పడిపోయింది. జవాబు దానికి మూడు రెట్లు ఆలస్యమైతే ఎదుటివాడు నసుగుతున్నాడనో, దాస్తున్నాడనో, కోపంగా ఉన్నాడనో మనసు తనంతట తనే కథ అల్లేసుకుంటుంది. దీనికి వీడియో మందు కాదు, చాలాసార్లు ఇంకాస్త బరువు. తీగ ఉన్న ఇయర్‌ఫోను, రౌటర్‌కి దగ్గరగా కూచోవడం, “రాధా, నువ్వు చెప్పు” అని పేరు పెట్టి వంతు ఇవ్వడం, ఇవి మందులు. మా ఆదివారం కాల్‌లో ఇప్పుడు పేర్లు పిలిచే పని మా వదినది. కలెక్టరమ్మ అని వెక్కిరిస్తాం గానీ కాల్ బాగుపడింది.

ఆలస్యం నిజస్వరూపం చూడాలంటే ఆన్‌లైన్ సంగీతం క్లాసు చూడాలి. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న మన పిల్లలు ఎందరో విజయవాడలోనో చెన్నైలోనో ఉన్న టీచర్ దగ్గర ఇలాగే నేర్చుకుంటున్నారు. గురువూ శిష్యురాలూ కలిసి పాడటం మాత్రం కుదరదు. సెకనుకో దెబ్బ చొప్పున ఆదితాళం వేస్తే, మాట అటు వెళ్లి ఇటు వచ్చేసరికి అరదెబ్బ జారిపోతుంది. అందుకే టీచర్ పాడి ఆపుతారు, పిల్ల అందుకుంటుంది, తాళం ఎవరిది వాళ్లే వేసుకుంటారు. ఇంకో చిక్కు తంబురాది. ఆగకుండా ఒకే తీరున మోగే శబ్దం ఏదైనా యాప్ కంటికి ఏసీ రొదే. కాబట్టి శ్రుతిని శుభ్రంగా తుడిచేస్తుంది. గమకం మధ్యలో గొంతు సన్నబడితే దాన్నీ తుంచేస్తుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే ఈ తుడిచివేతలు ఆగుతాయి. నాకు తెలిసిన ఒక టీచరమ్మ పిల్లల తల్లిదండ్రులకి పెట్టే మొట్టమొదటి షరతు ఇదే. కెమెరా ఎక్కడ పెడతారో ఆవిడకి పట్టదు, తాళం వేసే చెయ్యి కనపడితే చాలు.

ఇప్పుడు బొమ్మ ఖర్చు చూద్దాం. తేటైన మాటకి సెకనుకి 40 కిలోబిట్లు ధారాళంగా సరిపోతాయి. గంటకి 18 ఎంబీ. ఓ మోస్తరు హెచ్‌డీ వీడియోకి 1.2 మెగాబిట్లు అనుకుంటే గంటకి 540 ఎంబీ. ముప్ఫై రెట్లు. అందులోనూ వీడియోలో కదిలిన చోటే కొత్త సమాచారం పంపాలి కాబట్టి వెనక తిరిగే సీలింగ్ ఫ్యాను, ఎగిరే కర్టెను మన డేటా తినేస్తుంటాయి. సిగ్నల్ ఒక గీతకి పడిపోయినప్పుడు వీడియో ఆపితే మాట బతుకుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక, మాట ముక్కలై పోతున్నా “మీ ముఖం కనపడట్లేదు” అనేవాళ్లే ఎక్కువ.

బొమ్మని నెత్తిన పెట్టుకుని బోల్తాపడిన కథ కూడా ఒకటుంది. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో పిక్చర్‌ఫోన్ చూపించింది. జనం వరస కట్టి చూశారు. 1970లో పిట్స్‌బర్గ్‌లో సర్వీసు మొదలుపెట్టారు: నెలకి 160 డాలర్లు, అందులో అరగంట మాత్రం ఉచితం. కొన్నేళ్లకే మూతపడింది. ధర ఒక కారణం, అవతల అదే పెట్టె ఉన్నవాడు దొరక్కపోవడం ఇంకో కారణం. ఫోన్ మోగినప్పుడల్లా జుట్టు సర్దుకోవాలని ఎవరికుంటుంది అన్నది మూడోది. మన దగ్గర మాటకి దక్కిన మేలు వేరే దారిలో వచ్చింది. పాత ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్నే పట్టుకెళ్లేది. అందుకే స, ఫ తేడా తెలియక పేర్లు అక్షరం అక్షరం విడగొట్టి చెప్పేవాళ్లం. 4జీ నెట్ మీదే మాట పంపే వోల్టీ కాల్స్ వచ్చాక ఆ పరిధి 7 వేల హెర్ట్జ్‌ల దాకా పెరిగింది. 2016లో జియో వచ్చాక ఇది పల్లెలకీ చేరింది. మెరుగైన మాట ఇంటింటికీ వచ్చింది, ఎవరూ దండోరా వెయ్యలేదు.

బొమ్మ అక్కర్లేదని నేననను. చెవిటివాళ్లకి సైగల భాషే మాట, వాళ్లకి వీడియో ఆపెయ్యమనడం నోరు మూసుకోమనడమే. నెలల పాపని అమ్మమ్మకి ఆడియోలో చూపించలేం. వైద్యంలోనూ పుండు, దద్దురు, నడక చూడాల్సిందే. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలోవాళ్లు శాటిలైట్ ద్వారా టెలిమెడిసిన్ మొదలుపెట్టింది 2000లో. ఆ మార్చిలో హైదరాబాద్ వచ్చిన బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. ఇవాళ ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో పల్లె క్లినిక్కుల నుంచి రోజూ కాల్స్ వెళ్తున్నాయి. అక్కడ కూడా పని నడిపించేది కెమెరా కాదంటాను. రోగి పక్కన కూచున్న ఎంఎల్‌హెచ్‌పీ, అంటే పల్లె క్లినిక్కు చూసుకునే ఆరోగ్య ఉద్యోగిని. “కడుపులో గుబులుగా ఉందమ్మా” అన్న ముసలాయన మాటని డాక్టరుకి అర్థమయ్యేలా చెప్పి, డాక్టరు చెప్పింది ఆయనకి మళ్లీ చెప్పే అమ్మాయి. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఉత్త ఆడియో సంప్రదింపుని ఒప్పుకున్నాయి.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది కోర్టు కాల్. వీడియోలో సాక్ష్యం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో తేల్చింది. ఆ సాక్షి అమెరికాలో ఉన్న డాక్టరు. అంతకంటే ముందే, 2001లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నేర విచారణ స్మృతిని సవరించి, రిమాండు పొడిగింపుకి ఖైదీని జైలు నుంచే వీడియోలో హాజరుపరిచే వీలు కల్పించింది. ఎస్కార్టు పోలీసులు దొరకలేదని వాయిదాలు పడే బాధ తగ్గింది, మంచిదే. కానీ కోర్టు హాల్లో నిలబడ్డవాడు వకీలు వైపు వంగి చెవిలో ఒక మాట చెప్పగలడు. తెర మీదున్నవాడు చెప్పలేడు. వాడేమన్నా అందరికీ వినపడుతుంది, లేదా ఎవరికీ వినపడదు. బ్రిడ్జికి గుసగుస తెలియదు. ఆఫీసు మీటింగుల్లో ఈ లోటుని వాట్సాప్‌తో పూడ్చుకుంటున్నాం. పైన మేనేజర్ మాట్లాడుతుంటే కింద చాట్‌లో అసలు మీటింగ్ నడుస్తుంటుంది. జైల్లో ఉన్నవాడి చేతిలో వాట్సాప్ ఉండదు కదా. జడ్జిగారికి ముఖం ఎంత స్పష్టంగా కనపడుతోంది అన్నదానికంటే, వకీలుతో విడిగా మాట్లాడేందుకు ఒక లైను ఉందా లేదా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

మన రెండు రాష్ట్రాల్లో టెలికాన్ఫరెన్స్ అనగానే జనానికి గుర్తొచ్చేది మాత్రం ముఖ్యమంత్రి, కలెక్టర్లు. తొంభైల చివర్లో చంద్రబాబు జిల్లా అధికారులతో పెట్టిన టెలికాన్ఫరెన్సుల పుణ్యమా అని ఆ పదం పేపర్లకెక్కింది, ఇప్పటికీ దిగలేదు. మండలాఫీసులో ఎవరినడిగినా “సాయంత్రం టీసీ ఉందండీ”, “రేపు కలెక్టర్ గారి వీసీ” అంటారు. పోలీసులకైతే వైర్‌లెస్ సెట్ మీద పెట్టే సెట్ కాన్ఫరెన్స్. హైదరాబాదుకో అమరావతికో పరిగెత్తే బాధ తప్పింది, దానికి దణ్ణం పెట్టాల్సిందే. జరిగేది చూస్తే మాత్రం వందలమంది మ్యూట్‌లో, ఒకరు మాట్లాడుతుంటారు. మధ్యలో ఒక పేరు పిలుస్తారు, ఆ మనిషి కంగారుగా అన్‌మ్యూట్ నొక్కి “సార్, అయిపోయింది సార్” అంటాడు. వందమందిలో ఒక్కరికైనా “సార్, ఆ లెక్క మా ఊళ్లో కుదరదు” అనే వంతు రాదు. గదిలో అయితే కనీసం నలుగురు ముఖాలు చిట్లించేవాళ్లు, పైనున్నాయన గమనించేవాడు. మ్యూట్‌లో ముఖం చిట్లిస్తే ఎవరు చూస్తారు? దీనికి రేడియో చాలు, బ్రిడ్జి దేనికి?

ఇందుకే కంపెనీల్లో ‘కెమెరా ఆన్’ రూలు మీద నాకు చిరాకు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో అలసటకి నాలుగు కారణాలు రాశారు: ముఖాలు మరీ దగ్గరగా కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే రోజంతా కనపడటం, కదలకుండా కూచోవాల్సి రావడం, తలూపడం లాంటి సైగల్ని పనిగట్టుకుని చెయ్యాల్సి రావడం. ఇందులో ఒక్కటీ ఆడియోలో లేదు. ఉత్త మాటతో పెట్టిన కాల్‌లో నడుస్తూ మాట్లాడొచ్చు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించొచ్చు. కెమెరా ఆపితే జనం నిద్రపోతారని మేనేజర్ల భయం. అది తీరాలంటే పదిమందిని పిలవాల్సిన చోట నలభైమందిని పిలవకండి, పిలిచినవాళ్లని పేరు పెట్టి అడగండి. అయినా నిద్రపోయేవాడు కెమెరా ముందు కూడా కళ్లు తెరుచుకునే నిద్రపోగలడు. ఆ విద్య మనకి చివరి బెంచీలోనే అబ్బింది.